చాలా వేసవులు గడిపాక మా ఇంటి లోపలి గోడల గురించి

తిరుచానూరు వైపు 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న తూర్పు ముఖం స్థలంలో మేము కట్టుకున్న ఇంట్లో చాలా వేసవులు గడిపాను. ఇంటికి గాలి రావాలంటే కిటికీల సంఖ్య కంటే లోపలి గోడలు ఎక్కడ లేచాయి, ఎక్కడ ఆగాయి అన్నదే ముఖ్యమని ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను. వచ్చిన గాలి బయటికి పోవడానికి కనీసం అంతే దారి లేకపోతే, ఎంత పెద్ద కిటికీ పెట్టినా గోడ మీది క్యాలెండరు కాగితం కదలదు.

మా పల్లెల్లోని పాత మిద్దెల్లో వీధి వాకిలి, పెరటి వాకిలి ఎదురెదురుగా ఉండేవి. ఆ పద్ధతినే పాటించి హాలు, భోజనాల గది, వంటిల్లు తలుపులను ఒకే వరుసలో పెట్టించాము. హాలుకూ భోజనాల గదికీ మధ్య గోడను 7 అడుగుల దగ్గర ఆపి, ఆ పైన గాలి దూరే రంధ్రాలున్న మట్టి జాలీ కట్టించాము. బరువంతా పిల్లర్లూ బీములూ మోస్తున్నాయి కాబట్టి ఇక్కడ నాలుగున్నర అంగుళాల గోడ సరిపోయింది. గోడలే స్లాబును మోసే ఇంట్లో మాత్రం ఇంజనీరును అడగకుండా ఈ పని చేయకూడదు.

ఇటుక పని తలుపుల ఎత్తుకు వచ్చినప్పుడు, ఒక సాయంత్రం మేస్త్రీతో కలిసి ప్రతి వాకిట్లోనూ అగరుబత్తి వెలిగించి చూశాము. హాలులో పొగ నేరుగా పెరటివైపు సాగింది. మధ్య పడక గదిలో మాత్రం మూలకు చేరి అక్కడే తిరిగింది. అందుకే ఆ గదిలో కిటికీకి ఎదురు గోడ మీద, స్లాబుకు ఆనినట్టుగా వెంటిలేటర్ పెట్టించాము. వేడి గాలి చేరేది అక్కడే కదా.

మే నెలలో పడమటి గాలి సెగలా కొడుతుంది కాబట్టి పగలంతా కిటికీలు మూసి, పొద్దు గూకాక అన్నీ తెరుస్తాము. పగలు స్లాబు పీల్చుకున్న వేడి రాత్రి గదుల్లోకి దిగుతుంది. దాన్ని బయటికి పంపడంలో జాలీ చేసే మేలు ఫ్యాను ఒక్కదానితో కాదు. ఈశాన్య రుతుపవనాల వానలకు తూర్పు కిటికీలు మూయక తప్పని రోజుల్లో కూడా ఇల్లు ఉక్కపోయలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. తాలింపు ఘాటు హాలులోకి వచ్చేది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాక గాలి హాలు నుంచి వంటింటివైపు లాగి ఆ బాధ తగ్గింది. టీవీ శబ్దం పడక గదుల్లోకి వినిపిస్తుంది. పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. దోమల వల గాలిని బాగా తగ్గిస్తుంది కాబట్టి కిటికీని అనుకున్నదాని కంటే వెడల్పుగా పెట్టుకోవడం మంచిది. ఏసీ ఉన్న గదిలో వెంటిలేటర్‌కు మూసుకునే అద్దం రెక్క తప్పనిసరి.

రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉండే స్థలమైతే, మెట్ల గది పైభాగంలో వాన పడని వైపు ఏటవాలు రెక్కల కిటికీ పెట్టించండి. కింది గదుల వేడి మెట్ల మీదుగా పైకి లేచి అక్కడి నుంచి బయటికి పోతుంది, పడక గది తలుపులు తెరిచి ఉంచినంతసేపూ.