చనుకట్టును పట్టిస్తుంది, క్రిమిని పట్టించదు: సీఎంటీ కిట్ రివ్యూ

పాలలో తరకలు పడుతూ, పొదుగు రాయిలా గట్టిపడి, చెయ్యి వేస్తే ఆవు తన్నేస్తుంటే ఏ కిట్టూ అక్కర్లేదు, డాక్టరు కావాలి. సీఎంటీ కిట్ పని అంతకు ముందే. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, మేత మామూలే. పూటకి అరలీటరో ఎంతో తగ్గుతుంది, పాల కేంద్రంలో ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘన పదార్థం) కాస్త పడుతుంది. దాణా మార్చినందుకనో, ఎండలకనో సరిపెట్టుకుంటాం. లోపల ఒక చనుకట్టులో, అంటే పొదుగు నాలుగు భాగాల్లో ఒకదానిలో, స్ట్రెప్టోకోకస్ అనే క్రిమి నెలల తరబడి కాపురం పెట్టి ఉంటుంది. పైకి కనబడని ఈ పొదుగు వాపును సాలలోనే, నిమిషం లోపు బయటపెట్టడానికి ఈ కిట్.

సీఎంటీ అంటే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్. 1957లో రూపొందించిన పద్ధతే ఈనాటికీ పెద్ద మార్పు లేకుండా నడుస్తోంది. పెట్టెలో నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ తెడ్డు, ఊదా రంగు ద్రావణం సీసా, వాడే తీరు రాసిన ఒక కాగితం ఉంటాయి. విజయనగరం, శ్రీకాకుళం పశువుల మందుల షాపుల్లో అడిగితే తెప్పిస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. గిన్నెకి 3 మి.లీ. చొప్పున పశువుకి 12 మి.లీ. ఖర్చు. అరలీటరు సీసా నలభై పరీక్షలకు వస్తుంది. మూడు పాడి పశువులున్న ఇంట్లో నెలకోసారి చేసుకుంటే ఏడాది గడుస్తుంది. కొన్ని కంపెనీలవి గాఢ ద్రావణం. లేబుల్ మీది నిష్పత్తిలో నీళ్ళు కలపకుండా అలాగే వాడేస్తే లెక్క తప్పుతుంది. కలపడానికి బోరు నీళ్ళు కాకుండా డిస్టిల్డ్ వాటర్ వాడటం మేలు.

ద్రావణంలో ఉన్నది ప్రధానంగా సబ్బు జాతి డిటర్జెంటు, దానితో బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు. పొదుగులోకి క్రిములు చేరితే వాటి మీదికి తెల్ల రక్తకణాలు దండెత్తి పాలలోకి దిగుతాయి. డిటర్జెంటు ఆ కణాల పొరను చీల్చేస్తే లోపలి డీఎన్ఏ బయటపడి బంకలా సాగుతుంది. కణాలెన్ని ఎక్కువైతే బంక అంత చిక్కన. అంటే ఈ పరీక్ష లెక్కపెట్టేది క్రిముల్ని కాదు, వాటి మీద లేచిన సైన్యాన్ని. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కిట్ మీద లేనిపోని ఆశలు పెట్టుకోం.

చేసే తీరు ఇదీ. చనుమొనలు శుభ్రం చేసి, దూడను వదిలో చేత్తో తడిమో పాలు చేపనివ్వాలి. గేదెలు చేపడానికి ఆవులకన్నా ఎక్కువసేపు తీసుకుంటాయి, తొందరపడకూడదు. ఒక్కో చనుకట్టు నుంచి మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసి పారబోయాలి. నేల మీదికి మాత్రం పితకొద్దు, క్రిములున్న పాలైతే సాలంతా పంచినట్టే. తర్వాత తెడ్డులోని నాలుగు గిన్నెల్లోకి నాలుగు చనుకట్ల పాలు పితకాలి. ఎడమ ముందరి చనుకట్టు ఎప్పుడూ ‘ఎ’ గిన్నెలోకే. ఈ వరస ఒక్కసారి తప్పినా ఏ చనుకట్టు పాడైందో తేలదు. తెడ్డును నిలువుగా వంచితే ఎక్కువైన పాలు గీత దాకా కారిపోయి గిన్నెకి 3 మి.లీ. వరకు మిగులుతాయి. అంతే కొలతలో ద్రావణం పోసి, తెడ్డును బల్లపరుపుగా పట్టుకుని గుండ్రంగా పది సెకన్లు తిప్పాలి. తిప్పుతూనే చూడాలి, ఇరవై సెకన్లలోపే తేల్చుకోవాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. బలహీనమైన బంక ఇంకాసేపు తిప్పితే విడిపోయి మామూలు పాలలా మారిపోతుంది. తీరిగ్గా చూసేవాళ్ళకి అంతా బాగున్నట్టే కనబడుతుంది.

మిశ్రమం నీళ్ళలా జారితే మి.లీ.కి 2 లక్షల కణాల లోపు, పశువు భేషుగ్గా ఉంది. లేశంగా చిక్కబడి, తిప్పుతుండగానే మాయమైతే ఒకటిన్నర నుంచి 5 లక్షలు. దాన్ని రెండు మూడు రోజులాగి మళ్ళీ చూడాలి. చిక్కదనం నిలబడినా ముద్దకట్టకపోతే ఒకటో అంకె, అంటే 4 నుంచి 15 లక్షలు. తిప్పేటప్పుడు గిన్నె మధ్యకు పోగై గట్టు వదిలితే రెండో అంకె, 8 నుంచి 50 లక్షలు. మధ్యలో కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టి, తెడ్డు వంచినా అడుగంటుకుంటే మూడో అంకె, 50 లక్షల పైమాట. రంగు గురించి కాగితంలో రాసినంత బెంగ అక్కర్లేదు. ఊదా ముదిరితే పాలు క్షార గుణానికి తిరిగాయని, పసుపైతే పులిశాయని అర్థం. తీర్పు చెప్పేది బంకే.

అన్నిటికన్నా పనికొచ్చే సూత్రం: అంకె కన్నా తేడా చూడండి. నాలుగు గిన్నెలూ ఒకే తీరులో కాస్త చిక్కబడితే అది రోగమే కానక్కర్లేదు. ఈనిన మొదటి ఐదు రోజుల జున్నుపాలలో, వట్టిపోయే ముందు తగ్గిపోయిన పాలలో కణాలు సహజంగానే ఎక్కువ, అప్పుడు పరీక్షే దండగ. మూడు నీళ్ళలా ఉండి ఒకటి మాత్రం ముద్దకడితే ఆ చనుకట్టును నమ్మొద్దు.

ఇంతవరకు కిట్‌కు మంచి మార్కులే. ఇక అది చెప్పలేనిది. ముద్ద కట్టించింది ఏ క్రిమి? స్ట్రెప్టోకోకస్‌లోనే పొదుగును పట్టేవి ముఖ్యంగా మూడు, ఒక్కోదాని బతుకు ఒక్కో తీరు. అగలాక్టియే నివాసం పొదుగే. పితికే చేతులు, అన్ని పశువులకీ వాడే ఒకే గుడ్డ, పాలతోనో నీళ్ళతోనో తడిపిన వేళ్ళు దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోస్తాయి. దాని పేరుకి అర్థమే పాలు లేకుండా చేసేదని. అయినా పెన్సిలిన్‌కు బాగా లొంగుతుంది. పశువులన్నిటినీ పరీక్షించి, పాడైనవాటికి వైద్యం చేసి, చివర్న పితికితే మందలోంచి పూర్తిగా తరిమేయొచ్చు. ఉబెరిస్ అలా కాదు, అది పేడలో, బురదలో, తడిసిన వరిగడ్డిలో ఉంటుంది. వానాకాలం సాలలో నీళ్ళు నిలిస్తే చనుమొనలోకి ఎన్ని యాంటీబయాటిక్ ట్యూబులెక్కించినా మళ్ళీ మళ్ళీ వస్తుంది. మందుకన్నా ముందు నేల ఆరబెట్టాలి, గడ్డి పరుపు తీసి ఇసుక వేయాలి. డిస్‌గలాక్టియే ఈ రెంటికీ మధ్యరకం. చనుమొన మీది పుండ్లు దానికి దారి. బొటనవేలు మడిచి పితికేచోట ఆ పుండ్లు తప్పవు, పిడికిలి నిండా పట్టి పితకడమే సరైన పద్ధతి. ఇక స్టాఫైలోకోకస్ ఆరియస్ అయితే పొదుగు కండలో గడ్డల్లోకి దూరి దాక్కుంటుంది, మందు దాని దాకా సరిగా అందదు. ఇన్ని తేడాలున్నా తెడ్డులో అన్నిటికీ కనబడేది ఒకే బంక.

అందుకే రెండు, మూడు అంకెలొచ్చిన చనుకట్టు పాలను కల్చర్‌కు, అంటే పాలలోని క్రిమిని పెంచి అదేదో తేల్చే ల్యాబ్ పరీక్షకు పంపాలి. చనుమొన చివర స్పిరిట్ దూదితో తుడిచి ఆరనిచ్చి, మొదటి ధారలు వదిలేసి, శుద్ధి చేసిన (స్టెరైల్) శాంపిల్ ట్యూబును అడ్డంగా వంచి పట్టుకుని 5 నుంచి 10 మి.లీ. తీయాలి. నిలువుగా పడితే పొదుగు మీది దుమ్మూ వెంట్రుకలూ పడతాయి. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు పశు వైద్యశాలకు ఇస్తే ల్యాబ్‌కు చేరుతుంది. ఆ ముందు ఏ యాంటీబయాటిక్ వేసినా కల్చర్‌లో ఏదీ మొలవకపోవచ్చు. సందేహాలుంటే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయవచ్చు, గరివిడిలో పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

తెడ్డులో బంక చూడగానే షాపుకెళ్ళి ట్యూబు తెచ్చి ఎక్కించడం ఈ కిట్‌ను తప్పుగా వాడే తీరుల్లో మొదటిది. రెండోది ఇంకా ఎక్కువ చోట్ల జరుగుతుంది: వైద్యం అయిన వారానికే మళ్ళీ పరీక్షించి, ఇంకా ముద్దకడుతోందని కొత్త ట్యూబు మొదలుపెట్టడం. క్రిములు పోయినా కణాలు దిగడానికి వారాలు పడుతుంది. నెల తర్వాత చూసుకోవాలి. ట్యూబు వేసేటప్పుడు మొత్తం ముక్కు లోపలికి గుచ్చక్కర్లేదు, చివర మూడు మి.మీ. దూరితే చాలు. లోతుగా దూర్చితే చనురంధ్రం పొర చిరిగి, బయటి క్రిముల్ని మనమే లోపలికి నెట్టినవాళ్ళమవుతాం.

ట్యూబు లేబుల్ మీద రాసిన గడువు తీరేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకూడదు, ఇంట్లోనూ వాడకూడదు. తొందరపడితే పెరుగే సాక్ష్యం చెబుతుంది. తోడు పెట్టినా పెరుగు సరిగా పేరుకోదు. పాలను పెరుగు చేసేవాళ్ళలో స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్ కూడా ఒకటి, రోగం తెచ్చేవాటికి చుట్టమే. పొదుగులో చుట్టాన్ని చంపిన పెన్సిలిన్ గిన్నెలో దీన్నీ వదలదు. ఎలాంటి పాలైనా పచ్చిగా తాగొద్దు, పిల్లలకు అసలే వద్దు. పచ్చి పాల ద్వారా మనుషులకు సోకే స్ట్రెప్టోకోకస్‌లూ ఉన్నాయి. పొంగేదాకా కాస్తే అవి బతకవు. తెడ్డులో ద్రావణం కలిపిన పాలను దూడకో కుక్కకో పోయకుండా సాలకు దూరంగా పారబోయాలి.

దీనికి పోటీగా రెండున్నాయి. మొదటిది రంగుమారే అట్టముక్క. పాల చుక్క వేస్తే పసుపు నుంచి ఆకుపచ్చకో నీలానికో మారుతుంది. అది చూపేది పాల పీహెచ్ ఒక్కటే. మామూలు పాలు 6.5 నుంచి 6.8 మధ్య ఉంటాయి, తొలిదశలో ఆ అంకె కదలకపోవచ్చు. డబ్బు దండగని తేల్చి చెప్పవచ్చు. రెండోది బట్టల సబ్బు పొడి. లీటరు నీళ్ళకి 30 గ్రాములు కలిపి, పాలతో సమంగా పోసి, నిమిషం పాటు తిప్పితే ఇదే బంక కడుతుంది. రంగు ఉండదు, తక్కువ అంకెలు తేల్చుకోవడం కష్టం. కానీ రెండు, మూడు అంకెల ముద్దను తప్పక చూపుతుంది. ద్రావణం అయిపోయి కొత్త సీసా వచ్చేదాకా ఇది బాగానే నడుస్తుంది. కిట్‌లో అసలు విలువ తెడ్డుది, సీసాది కాదు.

లోపాలూ ఉన్నాయి. చౌక రకం తెడ్లలో కొలత గీతలు అచ్చులోనే సన్నగా ఉండి, సాల చీకట్లో కనబడవు. మార్కర్ పెన్నుతో వెనక నుంచి గీసుకోవాలి. ఇంగ్లీషు కాగితం మాత్రమే పెట్టిన కిట్లూ ఉన్నాయి, వాడేదేమో పల్లెల్లో. ఒక పశువుకీ ఇంకో పశువుకీ మధ్య తెడ్డు నీళ్ళతో కడిగి విదిలించాలన్న మాటను చివర చిన్నక్షరాల్లో వేసేవాళ్ళున్నారు, అది మొదట్లో ఉండాల్సింది.

కిట్‌తో పాటే చనుమొనలు ముంచే మందు కూడా కొనండి, లేకపోతే వ్యాధిని కనిపెట్టడమే కానీ ఆపడం ఉండదు. అందులో అర శాతం అయోడిన్ ఉంటే చాలు. 5 శాతం పోవిడోన్ అయోడిన్‌లో దొరికేది దాదాపు అంతే, కొంచెం గ్లిజరిన్ కలిపితే చర్మం పగలదు. పితికిన వెంటనే ముంచి, మేత వేసి అరగంట నిలబెట్టాలి. చనురంధ్రం మూసుకోకముందే పశువు బురదలో పడుకుంటే ముంచిన ఫలం పోతుంది.

అయిదుకి నాలుగు మార్కులు. సీసా కొనేటప్పుడు గడువు తేదీ, మూత సీలు చూసుకోండి. ఎండ తగిలే అద్దాల బీరువాలో పెట్టిన సీసా వద్దనండి.