ఎవర్లీ బ్రదర్స్: పాత హిట్లా, 1968 నాటి 'రూట్స్' ఆల్బమా? ఏది మేలు?

అమెరికా గాయక సోదరులు ఎవర్లీ బ్రదర్స్ పేరు చెప్పగానే 'ఆల్ ఐ హావ్ టు డూ ఈజ్ డ్రీమ్' ఒక్కటే వినేసి, అంతటితో సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. మా తిరుపతిలో పాత ఇంగ్లిష్ పాటలు ఇష్టపడే నలుగురిని అడిగినా అదే చెబుతారు. ఆ పాట గొప్పదే. కానీ ఈ అన్నదమ్ముల అసలు పనితనం ఆ తర్వాత పదేళ్లకు, జనం పట్టించుకోవడం మానేశాక చేసిన రికార్డులో ఉంది. అందుకే ఈ పోలిక.

ముందు ఒక్క విషయం. మన చెవికి జంటగా పాడటమంటే ఇద్దరూ ఒకే స్వరం మీద ఉండటం. ఈ ఊళ్లో తెల్లవారితే వినిపించే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతమే తీసుకోండి. పక్కన రాధా విశ్వనాథన్ గారి గొంతు కూడా ఉంటుంది, రెండూ కలిసి ఒకే ధారగా సాగుతాయి. ఎవర్లీల పద్ధతి వేరు. అన్న డాన్ కింద పాట నడుపుతుంటే, తమ్ముడు ఫిల్ ఆ పైన ఇంకో వరుస పాడతాడు. అన్న షడ్జమం మీద ఉంటే తమ్ముడు చాలాసార్లు గాంధారం మీద ఉంటాడు. మాటలు ఒకటే, ఊపిరి ఒకటే, స్వరాలు వేరు. మా పక్కింటి సంగీతం టీచరమ్మకు వినిపిస్తే, "వీళ్లు కలిసిపోవడం లేదు నాయనా, పక్కపక్కన నడుస్తున్నారు" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇక హిట్ల సంగతి. 1957లో 'బై బై లవ్', 'వేకప్ లిటిల్ సూసీ', మరుసటి ఏడు 'డ్రీమ్', 1960లో 'క్యాథీస్ క్లౌన్'. మొదటి మూడూ పాటల రచయితలైన బ్రయాంట్ దంపతుల ఇంట్లో పుట్టిన పాటలు, 'డ్రీమ్' మాత్రం భర్త బూడ్లో ఒక్కడే రాశాడు. నాష్‌విల్ స్టూడియో, చెట్ అట్కిన్స్ గిటార్. 'డ్రీమ్' మొదట్లో వణుకుతూ వచ్చే ఆ గిటార్ ఆయనదే. అప్పటికి డాన్‌కు ఇరవై ఒకటి, ఫిల్‌కు పంతొమ్మిది. ఒక్కో పాట రెండు, రెండున్నర నిమిషాలు. అందులో ఎక్కడా ఒక్క స్వరం కూడా అదనంగా లేదు. తొలిసారి వినేవాళ్లకు నేనూ ఇవే చెబుతాను.

1961లో మేనేజర్ వెస్లీ రోజ్‌తో గొడవైంది. బ్రయాంట్ దంపతుల పాటల హక్కులు ఆయన కంపెనీ చేతిలోనే ఉండటంతో కొత్త పాటలు రావడం ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో ఇద్దరూ అమెరికా సైన్యంలోని మెరీన్స్ రిజర్వు దళంలో చేరారు. 1962 తర్వాత అమెరికా టాప్ టెన్‌లోకి మళ్లీ వెళ్లలేదు. గొంతుల్లో లోపం వచ్చి జనం వదిలేయలేదు. పాటలు అందే దారి మూసుకుపోయింది, అంతే.

అలాంటి స్థితిలో 1968లో లెన్నీ వరోంకర్ నిర్మాణంలో వచ్చింది 'రూట్స్'. అదీ అమ్ముడుపోలేదు. ఈ ఆల్బమ్ మొదలవడమే 1952 నాటి రేడియో ముక్కతో. అమ్మా నాన్నలతో కలిసి అయోవాలో రేడియో ప్రోగ్రాములు చేసిన రోజులవి. డాన్‌కు పదిహేనేళ్లు, ఫిల్ ఇంకా చిన్నవాడు. ఆ పిల్లల గొంతు ఆగి, ముప్పై దాటిన మనిషి గొంతు అందుకున్నప్పుడు మనసు ఒక్కసారి కలుక్కుమంటుంది. పాటలు కూడా ఆ వయసుకు తగినవే. కంట్రీ గాయకుడు మెర్ల్ హాగర్డ్ రాసిన 'సింగ్ మీ బ్యాక్ హోమ్'లో, మరణశిక్షకు వెళ్లే ఖైదీ చివరి కోరికగా తనకు తెలిసిన పాత పాట పాడమంటాడు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు దీన్ని పాడినా మనకు నమ్మకం కుదరదు. వీళ్లు పాడితే కుదురుతుంది.

రెండు కాలాలనూ నేరుగా తూచడానికి ఒక పాట ఉంది: 'ఐ వండర్ ఇఫ్ ఐ కేర్ యాజ్ మచ్'. అన్నదమ్ములే రాసుకున్నారు. 1957లో 'బై బై లవ్' రికార్డుకు రెండో వైపు వచ్చింది, 'రూట్స్' కోసం మళ్లీ పాడారు. మొదటిది చక్కటి దుఃఖపు పాట, చకచకా అయిపోతుంది. రెండోది బాగా నిదానం, సంగీతం బరువుగా ఉంటుంది. నిదానమయ్యేసరికి రెండు స్వరాల మధ్య దూరం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. వెనకటి పాటలో ప్రేమ పోయిందని ఏడుపు ఉంటే, ఇందులో ఆ ఏడుపు కూడా అలవాటైపోయిన మనిషి కనిపిస్తాడు. టీచరమ్మ రెండోదే మళ్లీ పెట్టమన్నారు. నా ఓటూ దానికే.

1972లో ఆర్‌సీఏ రికార్డు కంపెనీకి చేసిన 'స్టోరీస్ వి కుడ్ టెల్' ఆల్బమ్ అంతగా నిలబడదు. చుట్టూ పేరున్న సంగీతకారులను పోగేశారు, ఆ సందడిలో అన్నదమ్ములు పలచబడ్డారు. మరుసటి ఏడు జూలైలో కాలిఫోర్నియాలో స్టేజీ మీదే విడిపోయారు. పదేళ్ల తర్వాత లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మళ్లీ కలిశారు, 1984లో 'ఈబీ 84' ఆల్బమ్ వచ్చింది. అందులో 'ఆన్ ద వింగ్స్ ఆఫ్ ఎ నైటింగేల్' పాట వాళ్ల కోసం బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ రాసిచ్చాడు. బీటిల్స్ జంటగా గొంతు కలపడం నేర్చుకున్నదే ఈ అన్నదమ్ముల పాటలు విని. అంటే ఇది గురువులకు శిష్యుడి కానుక. ఆల్బమ్ హాయిగా సాగుతుంది, కానీ 'రూట్స్' లోతు లేదు.

కాబట్టి నా వరస ఇది: మొదట 'రూట్స్', తర్వాత హిట్లు, మూడోది 'ఈబీ 84'. పిల్లలతో కారులో కాణిపాకం వెళ్తూ వినాలంటే మాత్రం హిట్లే పెట్టండి, వాళ్లూ గొంతు కలుపుతారు. 'రూట్స్' ఫోన్ స్పీకర్లో పెడితే కింది స్వరం సగం వినపడదు. రాత్రి టౌన్‌క్లబ్ సర్కిల్ హారన్లు సద్దుమణిగాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వరసగా వినండి. పాటలు షఫుల్‌లో మాత్రం పెట్టకండి. ఆ రేడియో ముక్కలు వాటి చోట్లలో వస్తేనే అందం.