లైవ్ ఇన్ గ్డాన్స్క్: పేరు గిల్మోర్‌ది, ప్రాణం రైట్‌ది

ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ కచేరీ ఆల్బం ‘లైవ్ ఇన్ గ్డాన్స్క్’ అట్ట మీద ఒక్క పేరే ఉంటుంది. ఏళ్ల తరబడి వింటున్న నేను మాత్రం దాన్ని ఇద్దరి ఆల్బంగానే లెక్క వేసుకుంటాను. ఆ రెండో మనిషి రిచర్డ్ రైట్. పింక్ ఫ్లాయిడ్‌లో కీబోర్డు వాయించి, సగం పాటల్లో రెండో గొంతుగా నిలిచి, పేరు దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ వెనుక వరుసలో ఉండిపోయిన కళాకారుడు. ఈ ఆల్బం మీద నాకున్న ప్రేమంతా ఆయన చుట్టూనే తిరుగుతుంది. కాబట్టి ఈ సమీక్ష కూడా కాస్త అటే మొగ్గి ఉంటుంది.

పింక్ ఫ్లాయిడ్ ఎవరో, గిల్మోర్ గిటారు ఎంత బాగుంటుందో ఇక్కడ వివరంగా చెప్పబోను. ఈ పేరు చూసి చదవడానికి వచ్చినవారికి అవి తెలిసే ఉంటాయి. సందర్భం మాత్రం చెప్పుకోవాలి. 2006 ఆగస్టు 26న పోలండ్‌లోని గ్డాన్స్క్ ఓడల కర్మాగారం ప్రాంగణంలో ఈ కచేరీ జరిగింది. 1980 ఆగస్టులో లేహ్ వవెన్సా నాయకత్వంలో కార్మికులు సమ్మె చేసి సాలిడారిటీ అనే కార్మిక సంఘ ఉద్యమానికి ఊపిరి పోసింది అక్కడే. దాని వార్షికోత్సవానికి గిల్మోర్‌ను పిలిచారు. అంతకు ముందు ఏడాది అదే ఉత్సవానికి ఫ్రెంచి సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ వాయించారు. ‘ఆన్ యాన్ ఐలాండ్’ ఆల్బం కోసం ఆ ఏడాది చేసిన యాత్రలో గిల్మోర్‌కు ఇదే ఆఖరి కచేరీ. ఆయనకు అప్పటికి అరవై ఏళ్లు. రైట్‌కు అరవై మూడు.

ఆల్బం 2008 సెప్టెంబరు 22న వచ్చింది. అప్పటికి సరిగ్గా వారం ముందు, సెప్టెంబరు 15న, క్యాన్సర్‌తో రైట్ చనిపోయారు. ఈ రెండు తేదీలు తెలిశాక ఈ రికార్డును మామూలు కచేరీ రికార్డులా వినడం నా వల్ల కాలేదు.

నేను చాలాకాలం పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయించాను. ఆ పనిలో మాకు నేర్పే మొదటి సంగతి, ఎక్కడా ఖాళీ వదలకూడదని. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ఒక బిట్టు వేయాలి, డోలకు ఆగితే తీగలు మోగాలి, మైకు పోతే పాటంతా నువ్వే నింపాలి. ఆ అలవాటుతో ఈ ఆల్బంలోని ‘ఎకోస్’ పాటతో కలిపి వాయించబోయాను. ఇరవై అయిదు నిమిషాల పాట. 1971లో ‘మెడిల్’ ఆల్బంలో వచ్చినప్పుడు రికార్డులో ఒక వైపంతా ఆక్రమించింది. నా కీబోర్డు మీద ఆర్గన్ శబ్దం పెట్టుకుని, శబ్దాన్ని అలలుగా తిప్పే రోటరీ మీట నెమ్మది వేగంలో ఉంచి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదలుపెట్టాను.

మొదట వచ్చేది ఒకే ఒక్క స్వరం. పియానో మీద పైస్థాయిలో ఒక బి. 1971లో దాన్ని లెస్లీ స్పీకరు గుండా పంపారు. ఆ పెట్టెలో హారన్ గుండ్రంగా తిరుగుతుంటుంది కాబట్టి శబ్దం దగ్గరికి వచ్చి దూరం జరుగుతున్నట్టు అలలుగా వినిపిస్తుంది. జలాంతర్గామి సోనార్ శబ్దంలా ఉంటుందని అందరూ అనేది ఈ స్వరాన్నే. గ్డాన్స్క్‌లో ఆ ఒక్క చుక్క పడగానే ప్రేక్షకుల్లోంచి కేక లేస్తుంది. ఒక స్వరానికి అంత కేక! మా ఊరి పందిళ్లలో పూర్తి పల్లవి పాడినా అంత కేక రాదు.

ఇక పాట సి షార్ప్ మైనర్‌లో సాగుతుంది. ఆ సి షార్ప్‌ను షడ్జమం అనుకుంటే, రైట్ మొదట కొట్టిన బి కైశికి నిషాదం అవుతుంది. అంటే ఇంటి గడప దాకా వచ్చి లోపలికి అడుగు పెట్టని స్వరం. అది మళ్లీ మళ్లీ మోగుతుంది, కానీ షడ్జమం మీద కూర్చోదు. పాట మొత్తం మీద ఉన్న ఆ నిరీక్షణ అంతా ఆ ఒక్క మీటలోనే ఉందని నాకు అర్థమైంది చేతితో వాయించినప్పుడే. ఊరికే వింటే అది అందమైన శబ్దం. వేలితో నొక్కితే అది ఒక నిర్ణయం.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత ఎదురైంది. నేను వాయిస్తున్నవాటిలో సగం రైట్ వాయించడం లేదు. గిల్మోర్ గిటారు జారుతూ లోపలికి వచ్చేటప్పుడు ఆర్గన్ అడుగున ఒక తీగలా పరుచుకుంటుంది, అంతే. నేను బిట్టు వేద్దామనుకున్న ప్రతి సందులోనూ ఆయన చేయి ఎత్తి ఉంచారు. ఆ సందుల్లో గిటారు నోటు పూర్తిగా మోగి, తనంతట తాను చల్లారే దాకా ఎవరూ అడ్డు రారు. గిల్మోర్ ఒక్కో స్వరాన్ని అంత సేపు సాగదీయగలగడానికి కారణం వేళ్ల బలం, ఆంప్లిఫయర్ అని ఇంతకాలం చదువుతూ వచ్చాం. ఆ స్వరానికి చోటు ఇచ్చే మనిషి పక్కన ఉండడం కూడా ఒక కారణమని ఈ రికార్డు నాకు చూపించింది. ఆ తర్వాత నేను వాయించిన కార్యక్రమాల్లో సందులు వదలడం మొదలుపెట్టాను. ఏమైంది, కీబోర్డు పనిచేయడం లేదా అని మా గాయకుడు అడిగేవాడు.

తర్వాత గొంతులు. ‘ఎకోస్’ చరణాల్లో గిల్మోర్, రైట్ కలిసి పాడతారు. 1971లో ఆ రెండు గొంతులూ ఎంత కలిసిపోయాయంటే ఎవరు ఎక్కడున్నారో విడదీసి వినడం కష్టం. గ్డాన్స్క్‌లో ఇద్దరి గొంతులూ వయసుతో వేర్వేరు దారుల్లో ముదిరాయి. గిల్మోర్‌ది బొంగురుపోయింది, రైట్‌ది సన్నబడింది. అందుకే ఇప్పుడు రెండూ విడివిడిగా వినిపిస్తాయి, అయినా ఒకే చోట ఊపిరి తీసుకుంటాయి. ముప్ఫై అయిదేళ్ల కిందటి పాటను మళ్లీ కలిసి పాడినవాళ్లకే అది వస్తుంది. నడుమ లయ అంతా ఆగిపోయి సముద్రపక్షుల అరుపులు వినిపించే భాగం ఒకటి ఉంది. గిటారు శబ్దాన్ని కాలితో మార్చే వా పెడల్‌కు కేబుల్‌ను తిరగేసి తగిలించినప్పుడు గిల్మోర్‌కు దొరికిన శబ్దం అది. దాని అడుగు నుంచి ఆర్గన్ మెల్లగా లేచి, మళ్లీ ఆ బి మోగి, పాటను తిరిగి లయలోకి తీసుకువస్తుంది. చివర్లో గిటారు ఒక మాట అంటే కీబోర్డు ఒక మాట బదులిస్తూ, ఎవరికీ తొందర లేకుండా తగ్గిపోతాయి. ఈ ఆల్బంలో నేను డబ్బు పెట్టింది ఈ పాటకే అని ఇప్పుడు నిస్సంకోచంగా చెబుతాను.

ఈ మనిషినే 1979లో ‘ది వాల్’ రికార్డింగు నాటికి బృందం నుంచి తప్పించారు. ఆ వెంటనే జరిగిన కచేరీలకు ఆయన జీతానికి వాయించారు. తర్వాత గిల్మోర్ నాయకత్వంలో తిరిగి వచ్చి, 1994 నాటి ‘ది డివిజన్ బెల్’ ఆల్బంలోనూ వాయించారు. గిల్మోర్ నల్ల గిటారు 2019 వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. ఆ సొమ్ము పర్యావరణం కోసం వెళ్లింది, మంచిదే. అయినా రైట్ మీటలు నొక్కిన వాద్యాల గురించి మాట్లాడేవాళ్లు ఎంతమంది అని ఒక కీబోర్డు వాయించేవాడిగా అడగకుండా ఉండలేను.

మిగిలిన ఆల్బం సంగతికి వస్తే, కొన్నప్పటి నా అభిప్రాయాలు కొన్ని ఇప్పుడు పలచబడ్డాయి. మొదట్లో కనబడినవారికల్లా ఇందులోని తీగ వాద్యాల గురించి చెప్పేవాణ్ణి. పోలిష్ బాల్టిక్ ఫిల్హార్మోనిక్ బృందాన్ని నడిపింది జ్బిగ్నియెవ్ ప్రైస్నర్. పోలండ్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ సినిమాలకు సంగీతం ఇచ్చిన ఆయనే ‘ఆన్ యాన్ ఐలాండ్’ స్టూడియో ఆల్బంకూ తీగ వాద్యాలు రాశారు. ‘హై హోప్స్’లో ఆ బృందం ఇప్పటికీ నన్ను కదిలిస్తుంది. కానీ ‘కంఫర్టబ్లీ నంబ్’లో, ఇన్నేళ్ల తర్వాత వింటే, గిటారు సోలో కింద అవి కాస్త ఎక్కువగా పరచుకున్నాయి. అక్కడ రైట్ ఆర్గన్ కొంత కప్పబడిపోయిందని నాకు అనిపిస్తుంది.

అదే పాటలో, పింక్ ఫ్లాయిడ్ పాత సభ్యుడు రోజర్ వాటర్స్ పాడే చరణాలను ఇక్కడ రైట్ పాడారు. దీని మీద అభిమానులు రెండుగా చీలతారు. అదే ఏడాది మే నెలలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఈ చరణాలు డేవిడ్ బోవీ పాడారు. అది 2007లో వచ్చిన డీవీడీలో ఉంది. బోవీ పాడితే ఒక పాత్ర మన ముందుకు వచ్చి నిలబడుతుంది. రైట్ పాడితే పాత్ర కనబడదు, అలసిన మనిషి ఒకరు నెమ్మదిగా పలకరిస్తున్నట్టు ఉంటుంది. నాకు ఇదే నచ్చుతుంది, కానీ ఆయన గొంతు అక్కడ బలహీనంగా ఉందన్నవారితో వాదించను. నిజంగానే కొన్ని చోట్ల తేలిపోతుంది.

మొదటి డిస్కులో ‘టైమ్’ అయ్యాక ‘ఆన్ యాన్ ఐలాండ్’ ఆల్బంలోని పాటలన్నీ వస్తాయి. ఈ వరుస గురించి ముందే తెలుసుకుని కొనాలి. పాత హిట్ల కోసం చేతులు చాచి కూర్చున్నవారికి ఆ సేపు నిజంగా పరీక్షే. నేను రాత్రి పూట, ఇల్లు సద్దుమణిగాక వినేవాణ్ణి కాబట్టి ‘ది బ్లూ’, ‘ఎ పాకెట్‌ఫుల్ ఆఫ్ స్టోన్స్’ నాకు బాగా పడతాయి. ‘దిస్ హెవెన్’ మాత్రం ఇప్పుడు దాటేస్తున్నాను. పగలు పని చేసుకుంటూ వినేవారికి ఈ భాగం నడక నెమ్మదిగా అనిపించవచ్చు.

‘ఎ గ్రేట్ డే ఫర్ ఫ్రీడమ్’ గురించి ఒక మాట. బెర్లిన్ గోడ కూలిన రోజు చుట్టూ అల్లిన పాట ఇది. ఎక్కడైనా బాగానే ఉంటుంది. కానీ సాలిడారిటీ పుట్టిన ఓడల కర్మాగారంలో, ఆ కార్మికుల పిల్లలు కూడా ఉండి ఉండే జనం ముందు దాన్ని పాడడం వేరు. చివర గిటారు అందుకునే సరికి జనం శబ్దం కూడా వాద్యంలా వినిపిస్తుంది. ఆ స్థలానికి తగిన పాట ఎంచుకుని తెచ్చినందుకు గిల్మోర్ మీద గౌరవం పెరిగింది.

ఒక ఇబ్బంది చెప్పాలి. నేను ఫోనులో వినే ఒక యాప్ పాటకూ పాటకూ మధ్య చిన్న నిశ్శబ్దం చొప్పిస్తుంది. ‘స్పీక్ టు మీ’ నుంచి ‘బ్రీత్’లోకి జారే చోట ఆ అర క్షణం విరామం పడితే దూకబోయే మనిషిని చొక్కా పట్టి ఆపినట్టు ఉంటుంది. సెట్టింగుల్లో వెతికి ఆ విరామం తీసేయడం కుదిరితే సరే, లేకపోతే ఈ ఆల్బం వరకు డిస్కులోనే వినాలి. డీవీడీ ఉన్న పెట్టె కొనేవారు ఇంకొకటి గమనించాలి. వీడియోలో మొత్తం కచేరీ లేదు. ‘టైమ్’, ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’, ‘విష్ యు వర్ హియర్’ వినడానికే ఉన్నాయి, చూడడానికి లేవు. ‘ఎకోస్’ మాత్రం ఉంది. గిల్మోర్ పాడుతూ రైట్ వైపు తిరిగి చూసే చూపుల కోసమైనా అది చూడాలి.

రైట్ పోయాక ‘ఎకోస్’ పాటను మళ్లీ వాయించనని గిల్మోర్ చెప్పారు. 2016లో ఇటలీలోని పాంపేయి శిథిలాల మధ్య వాయించడానికి వెళ్లినప్పుడు కూడా దాన్ని పక్కన పెట్టారు. 1971లో బృందమంతా అదే రంగస్థలంలో వాయించిన పాట అది. ప్రేక్షకులు కచ్చితంగా ఎదురుచూసి ఉంటారు. ఆయన మాట మీద నిలబడ్డారు.

కొనాలా అంటే, అది మీరు దేని కోసం వింటున్నారన్న దాని మీద ఉంటుంది. గిటారు ఒక్కటే ప్రాణమైతే, శబ్దం స్పష్టత, సోలోల ఊపు పరంగా 2017లో వచ్చిన ‘లైవ్ ఎట్ పాంపేయి’ మీకు ఇంకా నచ్చవచ్చు. పింక్ ఫ్లాయిడ్ పాటలు ఇప్పుడే వినడం మొదలుపెట్టినవారు దీనితో మొదలుపెట్టవద్దు, ముందు 1971 ‘మెడిల్’ వినాలి. లేకపోతే గ్డాన్స్క్‌లో ఏం జరిగిందో సగమే అందుతుంది. ఫోను స్పీకరులో వినేవారికి డబ్బు దండగ, అందులో ఆర్గన్ అసలు వినపడదు. నాలా కీబోర్డు వెనుక నిలబడినవారు, మంచి హెడ్‌ఫోన్లూ రాత్రి రెండున్నర గంటల తీరికా ఉన్నవారు రెండు డిస్కుల మామూలు ప్యాకు కొంటే చాలు. మొదట రెండో డిస్కు పెట్టి, అందులో అయిదో పాట దగ్గర మొదలుపెట్టండి.