కట్టలు కలపడం దగ్గరే ఉంది అసలు పని: ద్వారకానగర్ ఆదివారం క్లాసు

నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఈ ఏడాది తొమ్మిదో తరగతికి కంప్యూటర్ కూడా నన్నే చెప్పమన్నారు. డిగ్రీలో సీ లాంగ్వేజ్ చదివి పదిహేనేళ్లు దాటింది. టెన్షన్ పట్టుకుని విశాఖ ద్వారకానగర్‌లోని ఈ కోచింగ్ సెంటర్‌లో ప్రోగ్రామింగ్ చెప్పే ఆదివారం బ్యాచ్‌కి చేరాను. ఎనిమిది ఆదివారాలు, ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, ఫీజు 4,500 రూపాయలు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి నడిచి వెళ్లిపోవచ్చు. మిగతా క్లాసుల కంటే మెర్జ్ సార్ట్ (జాబితాని ముక్కలు చేసి, మళ్లీ కలుపుతూ వరుసలో పెట్టే పద్ధతి) చెప్పిన ఆ ఒక్క ఆదివారం గురించే ఎక్కువ రాస్తాను. చేరాలా వద్దా అనేది దాన్ని బట్టే మీరు తేల్చుకోవచ్చు.

మెర్జ్ సార్ట్ నేను అంతకుముందు కూడా చదివాను. నోట్సులో చెట్టు కొమ్మల్లా బొమ్మ వేసి, పెద్ద జాబితాని సగం, అందులో సగం చేస్తూ పోవాలని రాసుకున్నాను. పరీక్షలో మార్కులూ వచ్చాయి. కానీ చీల్చినంత మాత్రాన వరుస ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఎప్పుడూ తెలియలేదు.

ఆ రోజు మాస్టారు కంప్యూటర్లు ఆన్ చెయ్యనివ్వలేదు. ఎనిమిది తెల్ల కాగితాల మీద 38, 12, 45, 7, 29, 3, 41, 18 అని రాసి బెంచీ మీద పరిచారు. నా వైపు తిరిగి, "టీచరు గారూ, రెండు సెక్షన్ల పేపర్లు రోల్ నంబర్ల వరుసలోనే మీ చేతికొచ్చాయనుకోండి. రెండూ ఒక్క కట్ట చెయ్యాలంటే ఏం చేస్తారు?" అని అడిగారు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే కాబట్టి వెంటనే చెప్పాను. రెండు కట్టల పైనున్న కాగితాలు మాత్రమే చూస్తాను, చిన్న నంబరు ఉన్నది తీసి కొత్త కట్టలో పెడతాను, మళ్లీ పైవి రెండూ చూస్తాను. ఒక కట్ట అయిపోతే రెండోదాంట్లో మిగిలింది చూడకుండానే కింద చేర్చేస్తాను. "మెర్జ్ అంటే అంతేనండీ," అన్నారు మాస్టారు. "మరి వరుసలో ఉన్న కట్టలు మొదట ఎక్కడి నుంచి వస్తాయి? ఒక్క కాగితమే ఉన్న కట్ట ఎప్పుడూ వరుసలోనే ఉంటుంది. అక్కడిదాకా వెళ్లడానికే చీల్చేది."

ఆ ఒక్క మాటతో నాకు చిక్కు విడిపోయింది. తర్వాత మా చేతే చేయించారు. జంటలు కలిపితే 12-38, 7-45, 3-29, 18-41. వాటిని కలిపితే 7-12-38-45, ఇటు 3-18-29-41. చివరికి ఒకే కట్ట. ఎన్నిసార్లు రెండు కాగితాలు పోల్చామో ఒక బీటెక్ అబ్బాయి లెక్కపెట్టాడు: 17. ప్రతి కాగితాన్నీ మిగతా అన్నిటితో పోలిస్తే 28 అయ్యేది. ఎనిమిదికి పెద్ద తేడా కాదు. పది లక్షల పేర్లయితే అన్నిటితో అన్నీ పోల్చడానికి దాదాపు 50,000 కోట్ల పోలికలు కావాలి. మెర్జ్ సార్ట్‌కి కట్టలు కలిపే దశలు 20 మాత్రమే, పోలికలు రెండు కోట్లు దాటవు. లెక్కల టీచర్ని కదా, లాగరిథమ్ (ఇక్కడ, సంఖ్యని ఎన్నిసార్లు సగం చేస్తే ఒకటికి వస్తామో ఆ లెక్క) ఇలా చేతికి తగలడం నాకు చాలా సంతోషంగా అనిపించింది.

కలిపేటప్పుడు కొత్త కట్ట పెట్టడానికి బెంచీ చాలక పక్క బెంచీ లాగాం. ఈ పద్ధతికి అదనపు మెమరీ ఎందుకు కావాలో మాస్టారు ఆ బెంచీనే చూపించి చెప్పారు. 1945లో జాన్ వాన్ న్యూమన్ ఈ పద్ధతిని రూపొందించారని, పైథాన్ భాషలో జాబితాల్ని వరుసలో పెట్టే టిమ్‌సార్ట్ అనే పద్ధతిలో కూడా ఇదే కలిపే పని ఉందని కూడా చెప్పారు.

ఇక లోపాలు. విడిగా 200 తీసుకుని ఇచ్చే నోట్సులో మెర్జ్ ప్రోగ్రాం తప్పుగా ఉంది. ఇంటికెళ్లి మా 42 మంది పిల్లల యూనిట్ టెస్టు మార్కులు రోల్ నంబర్ల వరుసలో ఎక్కించి, మార్కుల ప్రకారం సార్ట్ చేశాను. 11వ నంబరు, 29వ నంబరు పిల్లలిద్దరికీ 72. వరుసలో 29 ముందొచ్చింది, 11 తర్వాతొచ్చింది. రాత్రి పదకొండు దాకా కూర్చుని చూస్తే, ఎడమ కట్టలోది చిన్నదైతేనే తియ్యమని రాసి ఉంది. చిన్నదైనా, సమానమైనా ఎడమదే తియ్యాలి. అప్పుడే సమానమైనవి తమ పాత వరుసను నిలుపుకుంటాయి. మార్కులన్నీ వరుసలోనే వస్తాయి కాబట్టి ఈ తప్పు మామూలుగా చూస్తే కనపడదు. డబ్బు తీసుకుని ఇచ్చే నోట్సు ఇలా ఉండకూడదు. మరుసటి ఆదివారం చూపిస్తే మాస్టారు బోర్డు మీద దిద్ది అందరి చేతా రాయించారు. కొత్త బ్యాచ్‌కి అచ్చులో దిద్దారో లేదో చూసుకుని కొనండి.

రికర్షన్‌కి అరగంటే ఇచ్చారు, చాలదు. ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక పూట పడుతుంది. నా పక్కన కూర్చున్న ఇంటర్ అమ్మాయి కాగితాలతో చక్కగా చేసింది, కోడ్ దగ్గర మాత్రం ఆగిపోయింది. ల్యాబ్‌లో ఇద్దరికి ఒక కంప్యూటర్. గదిలో ఏసీ లేదు, మే నెల ఉక్కలో ఎనిమిదింటికే చెమటలు కారుతున్నాయి.

ఇంటర్వ్యూ ప్రశ్నల కోసం మాత్రమే వచ్చేవాళ్లకి ఈ వేగం నచ్చకపోవచ్చు. ఇంకొకరికి చెప్పాల్సిన వాళ్లు, మళ్లీ మొదటి నుంచి చదువుకునేవాళ్లు చేరండి. మెర్జ్ సార్ట్ క్లాసు నాకు ఐదో ఆదివారం వచ్చింది, అది మాత్రం మానొద్దు. పోయిన వారం మా తొమ్మిదో తరగతిలో నేనూ ఎనిమిది కాగితాలు పరిచాను. పిల్లలు 17 లెక్కపెట్టి, "పదహారు కాగితాలతో చేద్దాం మేడమ్" అని అడిగారు.