దీమపు బొమ్మకు తగిన నేల: టెక్సాస్, మిస్సోరిలలో అడవి టర్కీ వేట

వసంతకాలంలో అడవి టర్కీ కోడిపుంజు వేటకు వెళ్లదలచిన డాలస్ ప్రాంతపు తెలుగువారికి కారులో చేరుకోగల మంచి చోట్లు రెండున్నాయి. ఐదు గంటలు ప్రయాణిస్తే వచ్చే టెక్సాస్ హిల్ కంట్రీలో జంక్షన్, మేసన్, ల్యానో ఊళ్ల చుట్టుపక్కల ఉన్న, రాంచీలనే పెద్ద పశువుల క్షేత్రాలు ఒకటి. రోజంతా ప్రయాణిస్తే వచ్చే దక్షిణ మిస్సోరి ఓజార్క్ కొండలు రెండోది. రెండుచోట్లా బస చేసి వేటాడాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, నిజమైన పక్షుల్లా కనిపించి పుంజును దగ్గరికి రప్పించే, ఇక్కడివారు డికాయ్‌లనే దీమపు బొమ్మల ఖరీదును బట్టి కాక, వాటిని నిలిపే నేలను బట్టే వేట ఫలితం తేలుతుంది. కనుక బసను, గైడును, ఖర్చును కూడా ఆ దృష్టితోనే తూచి చెబుతాను.

ముందుగా అనుమతుల సంగతి. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి పట్టడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది; ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ ఆంక్ష లేదు. టెక్సాస్‌లోనైతే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ, మిస్సోరిలోనైతే 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలన్నది నియమం. స్నేహితుడి తుపాకిని కాసేపు పట్టుకుంటున్నామే తప్ప కొనడం లేదు కదా అని ఎవరూ ఆ వీసా ఆంక్షను తేలిగ్గా తీసుకోవద్దు. వేటను నిషేధించే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమలులో ఉన్న దేశం నుంచి వచ్చిన మనకు, వేటగాళ్ల డబ్బుతోనే వన్యప్రాణులు నిలవడం కొత్తగా తోస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో కనుమరుగైన టర్కీ తిరిగి అడవుల్లోకి రావడానికి ఆ డబ్బు పెద్ద అండ అయింది.

టర్కీకి వాసన పసిగట్టే శక్తి తక్కువ గానీ, చూపూ వినికిడీ అసాధారణమైనవి. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల మెడ కాస్త తిప్పితే చాలు, చుట్టూ ఉన్నదంతా దానికి కనిపిస్తుంది, రంగులనూ పోల్చుకుంటుంది. పుంజు రాత్రంతా చెట్టుకొమ్మ మీద గడిపి, తెల్లవారకముందే గొంతెత్తి తానెక్కడున్నదీ చాటుతుంది. ఆ అరుపు విని పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళతాయి. వేటగాడు పెట్ట గొంతుతో పిలిచి పుంజునే తన వైపు నడిపించుకోవాలనుకోవడం ఈ క్రమానికి పూర్తిగా ఎదురు. అందుకే కాస్త వయసు ముదిరిన పుంజు పిలుపుకు బదులిస్తూనే, ఉన్నచోటు నుంచి కదలకుండా నిలిచిపోతుంది.

టెక్సాస్ నేలలో అత్యధిక భాగం ప్రైవేటు వ్యక్తులది కాబట్టి రాంచీకి డబ్బు కట్టక తప్పదు. మేము దిగిన రాంచీలో వసతి, భోజనం, గైడు కలిపి మనిషికి వెయ్యి డాలర్లు దాటింది. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం ధారాళంగా పెట్టారు, గైడుకు ఆ నేలంతా కొట్టినపిండి. అయితే మొదటి ఉదయం అతడు పికప్ ట్రక్కును పక్షులు పడుకున్న పెకాన్ చెట్ల దరిదాపుల దాకా లైట్లు వేసుకుని నడిపాడు. ఆ ఉదయం ఒక్క పుంజూ గొంతు విప్పలేదు. మర్నాడు అర మైలు ముందే దిగి నడుస్తామని పట్టుబట్టాక పరిస్థితి మారింది. డబ్బు కట్టేముందు పక్షులు పడుకునే చెట్లు ఎంత దూరమో, చీకట్లో అక్కడికి ఎలా తీసుకెళతారో తప్పక అడగాలని అందుకే అంటున్నాను. మొక్కజొన్న చల్లే ఫీడరు పక్కన కూర్చోబెట్టడం కూడా అక్కడ మామూలే. టెక్సాస్‌లో అది చట్టసమ్మతమే, మిస్సోరిలో మాత్రం నేరం. గింజల కోసం వచ్చిన పక్షిని కొట్టడం నాకు రుచించలేదు. ఫీడరుకు దూరంగా కూర్చుంటామంటే గైడు కాదనలేదు.

దీమపు బొమ్మల సత్తా ఏమిటో నేను చూసింది ఆ టెక్సాస్ మైదానంలోనే. లైవ్ ఓక్ చెట్టు మొదట్లో కూర్చుని, మాకు పద్దెనిమిది గజాల దూరంలో ఒక పెట్ట బొమ్మను, దాని పక్కన ఏడాది వయసు పుంజు బొమ్మను నిలిపాం. ఆ రెండో బొమ్మ ముఖం మా వైపు ఉండేలా చూశాం, ఎందుకంటే పోటీకి వచ్చే పుంజు ఎదుటి పక్షి ముఖాముఖి నిలవాలని చూస్తుంది. బొమ్మ మమ్మల్ని చూస్తూ ఉంటే, వచ్చినది దాని ముందుకు వచ్చి మాకు వీపు పెడుతుంది. సరిగ్గా అలాగే జరిగింది. రెండు వందల గజాల అవతల బొమ్మలను చూసిన పుంజు తోక విప్పి, రెక్కల కొసలు నేలను గీరుతుండగా ఆగి ఆగి నడిచి వచ్చింది. దగ్గరికి వచ్చేసరికి తల నడినెత్తిన తెల్లగా, ముఖం నీలంగా, మెడ ఎర్రగా మారిపోయింది. చెవికంటే ముందు రొమ్ముకు తగిలే సన్నని దడదడ దాని ఒంట్లోంచి వినవచ్చింది. విప్పిన తోక దాని చూపుకు అడ్డుపడిన ఆ క్షణంలోనే తుపాకి ఎత్తే వీలు చిక్కింది. తోక పూర్తిగా విప్పిన పెద్ద పుంజు బొమ్మను పెట్టమని గైడు మొదట సలహా ఇచ్చాడు. మందలో పైచేయి ఉన్న పుంజును అది రెచ్చగొట్టగలదేమో గానీ, ఒకసారి దెబ్బలు తిన్న రెండేళ్ల పుంజులు దాన్ని చూసి దూరం నుంచే తప్పుకుంటాయి. ఏ పుంజుకు ఎంత బలముందో తెలియని కొత్త నేల మీద చిన్న పుంజు బొమ్మే మేలు.

ఇక ఓజార్క్ కథ వేరు. మార్క్ ట్వెయిన్ జాతీయ అడవి సుమారు 15 లక్షల ఎకరాల ప్రజల భూమి. లైసెన్సు రుసుము తప్ప అడవిలో అడుగుపెట్టడానికి ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు, చాలా భాగంలో ఉచితంగా గుడారం వేసుకోవచ్చు. మేము జాక్స్ ఫోర్క్ నది ఒడ్డునున్న ఎమినెన్స్ అనే చిన్న ఊళ్లో వంటగది ఉన్న కేబిన్ అద్దెకు తీసుకున్నాం. ఖర్చు టెక్సాస్ ప్యాకేజీలో చిన్న వంతే అయింది. ఆ దగ్గర్లోని పెక్ రాంచ్ నుంచే 1950లలో టర్కీలను పట్టి రాష్ట్రంలోని ఇతర చోట్లకు తరలించారు. 1960లో మిస్సోరి మళ్లీ వసంత వేటకు అనుమతినిచ్చింది. ఆ చరిత్ర తెలిసి ఆ కొండల్లో నడవడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది.

అయితే ఓక్, హికరీ చెట్లు దట్టంగా అల్లుకున్న ఆ వాలుల్లో బొమ్మ దూరం నుంచి కనిపించదు, కనిపించినా చాలాసార్లు చెరుపే చేస్తుంది. ఒక ఉదయం పుంజు డెబ్బై గజాల దూరంలో, వాగుకు అవతలి గట్టున నిలిచి పెట్ట బొమ్మను చూసింది. పెట్ట కనిపించింది కనుక అదే తన దగ్గరికి వస్తుందని ఎదురుచూస్తూ, అటూ ఇటూ పచార్లు చేసి, విసిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత బొమ్మలను సంచిలో పెట్టేశాం. పుంజు గట్టు ఎక్కితేనే పెట్ట ఎక్కడుందో దానికి తెలిసే చోటు చూసుకుని, ఆ గట్టుకు ముప్పై గజాల ఇవతల కూర్చున్నాం. మధ్యలో వాగు గానీ కంచె గానీ అడ్డు లేకుండా చూసుకున్నాం. పలకను పుల్లతో గీసి పలికించే స్లేట్ కాల్‌తో రెండు మూడు సార్లు పిలిచి ఊరుకున్నాం. మేత వెతికే పెట్టలా చేత్తో ఎండుటాకులను గీరడమే ఎక్కువగా చేశాం. ప్రజల భూమిలో ప్రతి వారం పిలుపులు విని విని జాగ్రత్తపడిన పక్షికి మౌనమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. పెట్టలు గుడ్లు పెట్టడానికి వెళ్లిపోయే పొద్దెక్కిన వేళ, పది గంటలు దాటాక, ఒంటరిగా మిగిలిన పుంజు అరవకుండా గట్టెక్కి తల ఒక్కటి పైకి పెట్టి చూసింది. వేటగాళ్లలో ఎక్కువమంది అప్పటికే టిఫిన్‌కు ఊళ్లోకి వెళ్లిపోతారు. అక్కడి ప్రజల భూమిలో మధ్యాహ్నం ఒంటిగంటకు వేట ఆపాలి కాబట్టి ఈ మూడు గంటలనూ వదులుకోకూడదు.

కొట్టిన పక్షి వివరాలను మిస్సోరిలో అదే రోజు రాత్రి పది గంటలలోగా నమోదు చేయాలి. ఆ కొండల్లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. కాబట్టి వైఫై ఉన్న బసే తీసుకోవాలి. పిడుదుల బెడద తీవ్రంగా ఉంటుంది. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందురోజే కొట్టి ఆరబెట్టుకోవాలి.

ప్రజల భూమిలో ప్రాణభయం పక్షికి మాత్రమే కాదు. బొమ్మను మోసేటప్పుడు నారింజ రంగు సంచిలో మూసి ఉంచాలి. పుంజు తలను తలపించే ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద కనిపించకూడదు. భుజాలకంటే వెడల్పైన చెట్టుకు ఆనుకుని కూర్చోవాలి. మరో వేటగాడు వస్తుంటే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడాలి. విప్పిన టర్కీ తోకను చేత్తో అడ్డుపెట్టుకుని, దాని వెనుక దాక్కుని పుంజు వైపు పాకే పద్ధతికి వీడియోల్లో ఆదరణ ఎక్కువే గానీ, ప్రజల భూమిలో అది ఆత్మహత్యతో సమానం.

వంటగది ఉన్న బస వల్ల మరో లాభం ఉంది. రొమ్ము మాంసం నాటుకోడి ఇగురులా చేసుకుంటే చక్కగా కుదురుతుంది. కాళ్లలో గట్టి నరాలు ఉంటాయి కాబట్టి వాటిని కుక్కర్లో బాగా ఉడికించి, ఎముకల నుంచి మాంసం విడదీసి వేపుడు చేయాలి. రాంచీలో పక్షిని శుభ్రం చేసేవాళ్లు రొమ్ము మాత్రమే కోసి కాళ్లు పారేయబోయారు. అవీ కావాలని ముందే చెప్పి పెట్టుకోవాలి.