రీబౌండ్: గ్రహం ధూళి వలయాన్ని మలిచే తీరు చూపించే సాఫ్ట్‌వేర్

నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి వలయాన్ని ఒక గ్రహం ఎలా మారుస్తుందో సొంత కంప్యూటర్లో చూడాలంటే నేను ముందు చెప్పే పేరు రీబౌండ్. హానో రైన్, షాంగ్-ఫై లియు 2012లో పరిచయం చేసిన ప్రోగ్రామ్. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. పైథాన్ కాస్త వస్తే చాలు, ఒక్క లైనుతో ఇన్‌స్టాల్ అయిపోతుంది.

సూర్యుడంత నక్షత్రం, భూమి-సూర్యుల దూరానికి 100 రెట్ల దూరంలో గురుడంత గ్రహం, అటూ ఇటూ బరువు లేని కణాలు పెట్టి రన్ చేయండి. గ్రహానికి రెండు వైపులా, భూమి-సూర్యుల దూరానికి సుమారు 18 రెట్ల మేర వలయం ఖాళీ అవుతుంది. శాస్త్రవేత్త జాక్ విజ్‌డమ్ 1980లో ఇచ్చిన సూత్రంతో లెక్క కట్టినా దాదాపు అంతే వస్తుంది. గ్రహం దారిలోనే, దానికి 60 డిగ్రీల ముందూ వెనకా మాత్రం కొన్ని కణాలు పదిలంగా మిగులుతాయి. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బీటా పిక్టోరిస్ అనే నక్షత్రం మీది ప్రయోగం. దాని చుట్టూ ఉన్న వలయం లోపలి భాగం నాలుగైదు డిగ్రీలు వంగి ఉంటుంది. ఒరిగిన కక్ష్యలో ఏదో గ్రహం ఉండాలని 1997లోనే ఊహించారు. 2003లో తీసిన చిత్రాల్లో అది కనబడింది, 2010 నాటికి ఖరారైంది. రీబౌండ్‌లో గ్రహాన్ని కాస్త ఒరిగించి పెడితే, దగ్గరి కణాల కక్ష్యలు ఒరిగే దిశ త్వరగా తిరుగుతుంది, దూరపువాటిది నిదానంగా. దాంతో వంపు మెల్లగా బయటికి జరుగుతూ పోతుంది. వంపు ఎంత దూరం చేరిందో, నక్షత్రం వయసెంతో తెలిస్తే కనబడని గ్రహం బరువుకు హద్దులు గీయొచ్చు! ఇక్కడ కణాలు గ్రహానికి మరీ దగ్గరికి రావు కాబట్టి రీబౌండ్‌లో ఉన్న లెక్క పద్ధతుల్లో డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ సరిపోతుంది, వేగంగా నడుస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదట్నుంచీ సెట్ అయి ఉండే ఐఏఎస్15 పద్ధతి చాలా కచ్చితమైనదే, కానీ ఒక్క కణం గ్రహం పక్కకి వచ్చినా మొత్తం లెక్క నెమ్మదిస్తుంది. ఖాళీ ఏర్పడే ప్రయోగాలకు మెర్క్యూరియస్ పద్ధతి ఎంచుకోండి. కణాలు వేలల్లో ఉంటే వాటి మధ్య ఆకర్షణ లెక్కించొద్దని ముందే చెప్పాలి, లేకపోతే ఎదురుచూపులే.

అసలు లోటు ధూళి దగ్గరే. సన్నటి రేణువుల మీద కాంతి ఒత్తిడి కూడా పనిచేస్తుంది. గుండ్రటి కక్ష్యలో పుట్టిన రేణువు మీద అది గురుత్వాకర్షణలో సగం దాటితే ఆ రేణువు నక్షత్రాన్నే వదిలిపోతుంది. దీనికి రీబౌండ్‌ఎక్స్ అనే అదనపు ప్యాకేజీ వేసుకోవాలి. రాళ్లు ఢీకొని పొడి అవడం కూడా రీబౌండ్‌లో నేరుగా దొరకదు. పైగా వచ్చేవి కణాల స్థానాలూ వేగాలే. టెలిస్కోప్ చిత్రంతో పోల్చాలంటే కాంతిని లెక్కించే రాడ్‌ఎంసీ-3డీ లాంటి ప్రోగ్రామ్ పక్కన ఉండాల్సిందే.

5కి 4.5 ఇస్తాను.