తిరుపతిలో కళాయి ఎక్కడ వేస్తారు అని అడిగేవాళ్ళకి: ఒక బోర్డు లేని కొట్టు గురించి

ఈమధ్య ఇత్తడి గిన్నెలు మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి కదా, అటక మీద ఉన్నవన్నీ దించుతున్నారు, లేనివాళ్ళు ఆన్‌లైన్‌లో వేలకి వేలు పోసి కొత్తవి తెప్పించుకుంటున్నారు, తీరా వాడి వాడి లోపలి తెల్లటి తగరం పూత, అదే కళాయి, పోయాక ఎక్కడికి పట్టుకెళ్ళాలో ఎవరికీ తెలీదు. తిత్తి, బొగ్గుల సంచి సైకిల్‌కి కట్టుకుని వీధివీధీ కేకేసుకుంటూ తిరిగే కళాయి వాళ్ళు మా వైపు కనబడి ఎన్నేళ్ళయిందో. అందుకే ఈ రివ్యూ.

కొట్టు గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు పోయే సందుల్లో ఒకదాన్లో ఉంది. బోర్డు లేదు, మ్యాపులో వెతికితే దొరకదు, చుట్టుపక్కల పాత్రల కొట్లలో "కళాయి పెద్దాయన" అని అడిగితే చెప్తారు. ఒకే ఒక్క షట్టరు, గడప దగ్గరే నేలలో కొలిమి, పక్కన కరెంటు బ్లోయరు, గోడకి ఆనించి జనం ఇచ్చిపోయిన గుండిగలు, బిందెలు, తప్పేలాలు. ముందే మార్కులు చెప్పేస్తా: పనికి అయిదుకి అయిదు, టైముకి రెండు, పొగకి సున్నా.

మనం గిన్నె ఇవ్వగానే ఆయన రేటు చెప్పడు. "ఏం వొండతారుమా దీంట్లో?" అంటాడు. పాయసమా, పులుసా, ఊరికే షోకేసులో పెట్టుకోడానికా, అన్నీ కావాలి ఆయనకి. షోకేసు కోసమైతే కళాయి ఎందుకు, తోమించి పంపిస్తా పొమ్మంటాడు. నా సంచిలో ఒక కంచు గిన్నె కూడా ఉంటే అది తీసి పక్కన పెట్టేశాడు, రాగిలో తగరం కలిపి పోసిందే కంచు, దానికి మళ్ళీ పూత అక్కర్లేదని. పూత కావాల్సింది రాగికి, ఇత్తడికి. చింతపండు, టమాటా, మజ్జిగ లాంటి పులుపు తగిలితే ఆ లోహం కొద్దికొద్దిగా కరిగి కూరలోకి దిగుతుంది, పచ్చగా చిలుము పట్టేది అందుకే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా పూత లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు పదార్థాలు నిల్వ పెట్టొద్దనే చెప్పాయి.

ఇంకో పాత గుండిగ కూడా తీసుకెళ్ళా. దాన్ని వెలుతురుకి ఎత్తి, బోర్లించి, అడుగున వేలి కణుపుతో తట్టి, తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "అడుగు పల్చబడిపోయిందిమా. నేను వేస్తే నాలుగు డబ్బులు వస్తాయి, మీకు రెణ్ణెల్లకి కారతాది. మా మామ ఒప్పుకోడు."

ఈ "మా మామ ఒప్పుకోడు" అనే మాట ఆ కొట్లో ఎన్నిసార్లు వింటారో లెక్కుండదు. మామ లోపలెక్కడో కూర్చుని ఉన్నాడేమో అనుకుని నేను తొంగి కూడా చూశా. చూస్తే ఎవరూ లేరు. పెద్దాయనకి మేనమామ, చిన్నప్పుడు పని నేర్పినాయన, పోయి చాలా ఏళ్ళయింది. గోడ మీద ఫోటో కూడా లేదు. కానీ ఈయన ఆయన గురించి ఎప్పుడూ "ఒప్పుకోడు", "తిడతాడు", "రానియ్యడు" అనే మాట్లాడతాడు, పక్కింట్లో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు.

పని దగ్గరుండి చూడండి, అది మాత్రం వదులుకోవద్దు. ముందు లోపలంతా రుద్ది మకిలి వదలగొడతారు, ఇత్తడి పచ్చగా బయటపడేదాకా. తర్వాత నిప్పుల మీద పెట్టి పట్టకారుతో తిప్పుతూ కాలుస్తాడు, కాలిందా లేదా అని కంటితో చూడడు, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్ అనే ఉప్పు) చిటికెడు లోపలికి విసురుతాడు, అది ఎలా పొగలేస్తుందో చూసి చెప్తాడు. సరిగ్గా కాలినప్పుడు తగరం కడ్డీని అంచుకి అలా తాకిస్తాడు, అంతే, గిన్నెకి వెండి నీళ్ళు పోసినట్టు జారుతుంది. వెంటనే దూదిముద్దతో ఒక చుట్టు, ఇంకో చుట్టు, అడుగు నుంచి అంచుదాకా. ఆ కొద్దిసేపట్లో ఎవరు పిలిచినా పలకడు, ఫోన్ మోగినా చూడడు. తర్వాత నీళ్ళ తొట్లో సుయ్యిమని ముంచి బయటికి తీస్తే మొహం కనబడేంత తెలుపు.

ఇప్పుడు అసలు విషయం. కళాయి బాగుందా లేదా అనేది మెరుపు చూసి చెప్పలేం. తగరంలో సీసం కలిపినా అలాగే మెరుస్తుంది. సీసం చవక, పైగా కలిపితే తొందరగా కరుగుతుంది, నిప్పులు తక్కువ, శ్రమ తక్కువ. తినేవాళ్ళకి మాత్రం అది విషం, పిల్లల రక్తంలో ఇంత సీసం వరకు ఫర్వాలేదు అనే స్థాయే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మరి ఈయన కలపడని నాకెలా తెలుసు? అడిగితే పెద్దాయన ఏమీ వాదించలేదు. డబ్బాలోంచి సన్నటి తగరం కడ్డీ తీసి నా చెవి దగ్గర పెట్టి వంచాడు. చిటచిటమని సన్నగా శబ్దం. స్వచ్ఛమైన తగరం వంగేటప్పుడు అలా చప్పుడు చేస్తుంది, సీసం చెయ్యదు. తర్వాత క్యాలెండరు వెనక తిప్పి దాని మీద రెండు గీతలు గీశాడు, ఒకటి ఆ కడ్డీతో, ఒకటి పాత సీసం ముక్కతో. సీసం గీత పెన్సిల్‌తో గీసినట్టు బూడిద రంగులో పడింది, తగరంది పడీపడనట్టు ఉంది.

ఆ సీసం ముక్క కథ వేరే. పెద్దాయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఎక్కడో పాత బ్యాటరీ సీసం దొరికితే తెచ్చి, "ఇది కూడా తెల్లగానే ఉండాది గదా మామా, కలిపేస్తే పోలా" అన్నాడట. మామ కొట్టలేదు, తిట్టలేదు. రెండింటితో కాగితం మీద గీసి, "ఈ నలుపు యాడికి పోతాదో చెప్పు" అని మాత్రం అడిగినాడట. దానికి ఈయన దగ్గర జవాబు లేదు. ఆ ముక్కనే ఇప్పటికీ డబ్బాలో దాచి, వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. లైసెన్సులూ స్టిక్కర్లూ సర్టిఫికెట్లూ ఏమీ లేని ఈ కొట్లో క్వాలిటీ కంట్రోల్ అంటే అదీ, ఎప్పుడో పోయిన ఒక మనిషి అడిగిన ప్రశ్న.

మా అవ్వ గుర్తొచ్చింది నాకు అక్కడ. మా ఇంట్లో తిరగమాత ఎప్పుడూ విడిగా ఇనప గరిటలోనే, చారు మరిగాక పైన పోసి టక్కున మూత. రాత్రి మిగిలిన పులుసు వేరే గిన్నెలోకి మార్చకుండా పడుకుంటే అవ్వకి నిద్రపట్టేది కాదు. స్టీలు గిన్నెలు వచ్చి ఇన్నేళ్ళయినా మా అమ్మ ఇప్పటికీ రెండూ అలాగే చేస్తుంది, ఎందుకమ్మా అంటే "అవ్వ అట్లే చేసేది" అంటుంది, మేం నవ్వేవాళ్ళం. పెద్దాయన గిన్నె ఇస్తూ చెప్పిన జాగ్రత్తలు వింటుంటే ఒక్కొక్కటే అర్థమైంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, ఖాళీ గిన్నె గ్యాస్ మీద పెట్టి మర్చిపోతే పూత ముద్దలు కట్టేస్తుంది, నూనె పొగలొచ్చేదాకా కాచే పోపు దాన్లో పెట్టకూడదు, పులుపు రాత్రంతా ఉంచితే పూత అరిగిన చోట చిలుము ఎక్కుతుంది. అంటే మా అమ్మ స్టీలు గిన్నెకి కూడా కళాయి మర్యాదలే చేస్తోందన్నమాట. కారణం పోయింది, అలవాటు మిగిలింది, దానివల్ల నష్టమైతే ఏమీ లేదు.

కానీ అన్నీ అలా ఉండవు, పొగకి సున్నా ఎందుకిచ్చానో చెప్పాలి. నవాసాగరం కాలితే వచ్చే తెల్ల పొగలో అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి ఉంటాయి, కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, నేను గడప బయట నిలబడి కూడా దగ్గుతూనే ఉన్నా. కొట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. అడిగితే "కొలిమి పొగ ఏం చెయ్యదు, మామ చెప్పినాడు" అని అదే నమ్మకంతో అన్నాడు, ఇందాక సీసం గురించి చెప్పినప్పుడు ఏ గొంతో అదే గొంతు. ఆ నమ్మకం ఒకచోట మనల్ని కాపాడుతోంది, ఇంకోచోట ఆయన్నే తినేస్తోంది.

పక్కనే ఆయన మనవడు ఉన్నాడు, పాలిటెక్నిక్ చదువుతూ సెలవుల్లో వస్తాడట, మాస్కు పెట్టుకుని బ్లోయరు చూసుకుంటున్నాడు. వాడు తలెత్తకుండానే, "మీ మామ ముసలితనంలో రాత్రంతా ఎట్ల దగ్గేవాడో నువ్వే చెప్పినావు గదా తాతా" అన్నాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. నిప్పులు కెలికాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తొట్లో ముంచి, పిండి, ముక్కుకి అడ్డంగా కట్టుకుని, "తువ్వాలు కట్టుకోవద్దని అయితే మామ చెప్పలే" అన్నాడు. మనవడు నవ్వాడు, నేనూ నవ్వేశా. తడి తువ్వాలు మాస్కుకి సాటి కాదు, ఫ్యాను పెట్టించాల్సిందే, అది పెట్టించే పని ఆ పిల్లాడే ఎప్పటికైనా చేస్తాడని నా నమ్మకం, ఎందుకంటే వాడు పొగ విషయంలో తాతని ఎదిరిస్తాడు గానీ కడ్డీ వంచి చూడకుండా కొత్త తగరం దుకాణం నుంచి తేడు.

ఇక మామూలు విషయాలు. మీడియం తప్పేలాకి 350 తీసుకున్నారు, సైజు పెరిగితే రేటు పెరుగుతుంది, లోపల చూసి నచ్చాకే డబ్బులివ్వమంటాడు. ఫోన్‌పే ఉంది గానీ అది మనవడి నంబరు, వాడు లేనిరోజు క్యాషే. రసీదు అడగొద్దు. రేపు రమ్మంటే ఎల్లుండికి కూడా అయి ఉండదు, నాకు చెప్పిన రోజుకి ఇవ్వలేదు, మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది, దూరం నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే వెళ్ళి అక్కడే కూర్చుని చేయించుకుంటే మేలు. బయట నల్ల మరకలు పూర్తిగా పోవు, పాలిష్ వేరే చోట చేయించుకోవాలి. పిల్లల్నీ ఉబ్బసం ఉన్నవాళ్ళనీ వెంట తీసుకెళ్ళకండి. సంక్రాంతి ముందూ, మే నెలలో గంగమ్మ జాతర ముందూ అసలు వెళ్ళొద్దు, పొంగళ్ళ గిన్నెలన్నీ అక్కడే ఉంటాయి, కొట్లోకి అడుగుపెట్టే చోటుండదు. ఇంటికొచ్చాక స్టీలు పీచుతో రుద్దకండి, కొబ్బరి పీచో మెత్తటి గుడ్డో చాలు. అటక మీద ఉన్న గుండిగ ఏదైనా తీసుకెళ్ళేటప్పుడు ముందు అడుగు మీరే ఒకసారి తట్టి చూసుకోండి, మోసుకెళ్ళి మోసుకురావడం తప్పుతుంది.